అద్దె అరుపులు

డ్రమ్ము అతని మెడలోనే వేలాడుతోంది. కర్రలు రెండూ అతని చేతుల్లోనే ఉన్నాయి. అయినా గోడ అవతల, స్టేడియం లోపల, అతని డ్రమ్ము మోగుతోంది.

మొదట చెవులు మోసం చేస్తున్నాయేమో అనుకున్నాడు. పక్కనున్నవాళ్లు కూడా మాటలు ఆపి గోడవైపు చూడటంతో అనుమానం తీరిపోయింది.

ధన్... ధన్... ధనాధన్... జర్ర్!

ఆ చివరి 'జర్ర్' దగ్గర అతని ఒళ్లు మండిపోయింది. తోలు చిరిగిన డ్రమ్ము చప్పుడది. మూడేళ్ల కింద ఒకే ఒక్క మ్యాచ్‌లో, ఒకే ఒక్క మధ్యాహ్నం అలా మోగింది. వాయించింది తనే.

బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించే మెకానిక్కు అతను. స్టేడియం దగ్గర మాత్రం అందరికీ 'ఉరుము'. తూర్పు స్టాండు మధ్య వరసలో నిలబడి అతను కర్ర ఎత్తితే వేలమంది నోళ్లు మూతపడేవి, దించితే తెరుచుకునేవి. జాతీయ జట్టు ఈ ఊళ్లో ఆడిన ప్రతి మ్యాచ్‌కీ అక్కడే ఉన్నాడు. మొదటిసారి ఇవాళే బయట నిలబడ్డాడు. అతనితోపాటు తూర్పు స్టాండు సగం బయటే ఉంది.

కారణం గేటు పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాల్లోనే ఉంది: టికెట్టు ధర. ఒకప్పుడు తూర్పు స్టాండులో కూర్చోవడం సినిమాకు వెళ్లినంత ఖర్చు. ఇప్పుడు ఆలుమగలు, ఇద్దరు పిల్లలు మ్యాచ్ చూడాలంటే ఆ నెల ఇంటి అద్దె ఎగ్గొట్టాలి. పోనీ ఏమైనా కప్పు పోటీయా అంటే అదీ కాదు. గెలిచినా ఓడినా ఎవరి ఖాతాలోకీ రాని స్నేహపూర్వక మ్యాచ్. అవతలి దేశం తన పెద్ద ఆటగాళ్లందరినీ ఇంట్లో పడుకోబెట్టి, ఎవరికీ తెలియని కుర్రాళ్లను విమానం ఎక్కించింది. పోస్టర్ల మీద మాత్రం ఆ పెద్ద ఆటగాళ్ల మొహాలే.

"పేరుకే స్నేహం. ఇది జేబు కత్తిరింపు," అన్నాడు ఉరుము వారం కిందట. "ఎవరూ టికెట్టు కొనొద్దు. ఖాళీ కుర్చీలు టీవీలో కనపడనీ."

దానికి జవాబుగా ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ పేపర్లో నవ్వుతూ ఫోటో వేయించుకున్నాడు. "స్టేడియం ఎలాగూ నిండుతుంది. అరిచేవాళ్లు వేరు, చూసేవాళ్లు వేరు," అన్నాడు. ఇవాళ్టి మ్యాచ్ నిండుగా నడిస్తే తూర్పు స్టాండును పడగొట్టి, ఏసీ పెట్టిన అద్దాల గదులు కట్టిస్తానని కూడా చెప్పాడు. గదులకు డబ్బు పెట్టే స్పాన్సరు కంపెనీ పెద్దమనిషి లోపలే ఉన్నాడు. మ్యాచ్ అయిపోగానే సంతకం పెడతాడట.

అంటే ఇవాళ లోపల నిశ్శబ్దంగా ఉంటే తూర్పు స్టాండు బతుకుతుంది. హోరు వినపడితే చస్తుంది.

హోరు వినపడుతోంది.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమయ్యా, బయట నిలబడి చస్తున్నానని చెప్పి లోపలికి దూరావా?" అంది ఎత్తగానే. "టీవీలో నీ డ్రమ్మే కదా అది? పెళ్లయినప్పటి నుంచీ వింటున్నా, నాకు తెలీదా?"

"నేను బయటే ఉన్నానే."

"మరి లోపల వాయిస్తున్నది ఎవరు, నీ దెయ్యమా?"

ఆ ప్రశ్నకు జవాబు అతనికి అప్పుడే తట్టింది. ఆ మ్యాచ్‌ని రికార్డు చేసింది ఒక్కడే. స్టేడియంలో సౌండు చూసేవాడు. ఊళ్లో అందరూ 'మైకు' అని పిలిచే మనిషి. తన సొంత బామ్మర్ది.

"దెయ్యం కాదు. నీ తమ్ముడు," అని ఫోను పెట్టేశాడు.

తల తిప్పేసరికి ఎదురుగా బాకా నిలబడి ఉన్నాడు. పోస్ట్‌మాన్ ఉద్యోగం అతనిది. ఉరుము డ్రమ్ము కొడితే బాకా ఊదడం అతని పని. ఇన్నేళ్ల స్నేహంలో ఎప్పుడూ లేనంత చల్లగా చూస్తున్నాడు.

"ఎంతకి అమ్మావన్నా?" అన్నాడు.

"ఏంటి?"

"నీ డ్రమ్ము. లోపల నీ బామ్మర్ది, బయట నువ్వు. మమ్మల్నేమో ఎండలో నిలబెట్టావ్. బాగుంది సంసారం."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కరూ నవ్వలేదు. ఎవరో వెనక నుంచి, "ఉరుము అక్కడ, వాన ఇక్కడ," అన్నారు. ఉరుము పళ్లు పటపటలాడాయి. బాకా చొక్కా పట్టుకుందామని చెయ్యి లేచింది, కానీ ఆ చెయ్యి మెడలోని పట్టీ విప్పింది. డ్రమ్మునూ కర్రలనూ బాకా చేతుల్లో పెట్టాడు.

"ఉంచు. నేను అమ్ముడుపోయానని తేలితే దీన్ని నా నెత్తిమీదే పగలగొట్టు."

"ఎక్కడికి?"

"ఆ నోరు మూయించడానికి."

*

టికెట్టు కొనే ప్రసక్తే లేదు. గోడ దూకే వయసు దాటింది. కానీ గోడ చివర, సామాన్లు దించే గేటు దగ్గర, తన డిపో బస్సులు వరసగా నిలబడి ఉండటం ఉరుము కంటబడింది. వాటిలోంచి జనం దిగుతున్నారు. అందరి చేతుల్లో ఒకే రంగు టీషర్టులు, ఒకే రకం భోజనం పొట్లాలు.

డ్రైవరు అతన్ని చూసి గతుక్కుమన్నాడు. "నన్ను తిట్టకన్నా. సంఘంవాళ్లు బస్సులు మాట్లాడుకున్నారు. దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు సెలవిచ్చి తెచ్చారు. కూర్చుంటే భోజనం, అరిస్తే ఇంకో భోజనం."

"అరవడానికి మనుషుల్ని అద్దెకు తెచ్చారా?"

"శవం దగ్గర ఏడవడానికి తేవట్లేదా?"

ఉరుము బస్సు ముందుకు నడిచాడు. టీషర్టులు పంచుతున్న మనిషి ముందు చెయ్యి చాపాడు. అతను మొహం కూడా చూడకుండా ఒక టీషర్టు, ఒక పొట్లం ఇచ్చి, "తూర్పు స్టాండు, కింది వరసలు, త్వరగా," అని తోశాడు. ఏళ్ల తరబడి టికెట్టు కొని వెళ్లిన చోటికి ఉరుము ఆ టీషర్టు తొడుక్కుని మొదటిసారి కిరాయి మనిషిగా వెళ్లాడు.

లోపలికి అడుగుపెట్టి చుట్టూ చూశాడు.

స్టేడియం బోసిపోయి ఉంది. పడమటి వైపు ఖరీదైన కుర్చీల్లో అక్కడక్కడా నలుగురైదుగురు. ఉత్తరం, దక్షిణం పూర్తిగా ఖాళీ. తూర్పు స్టాండులో టీవీ కెమెరాకు కనపడే కింది వరసల్లోనే అద్దె జనాన్ని కుక్కారు. వాళ్ల పైనుంచి కప్పుదాకా ఒక పెద్ద గుడ్డ కట్టారు. దాని మీద జనం బొమ్మలు అచ్చేశారు. నవ్వే మొహాలు, ఎత్తిన చేతులు. తను నిలబడే మధ్య వరస ఆ గుడ్డ కింద ఎక్కడో ఉంది. ఆ చోట ఇప్పుడొక అచ్చుబొమ్మ కుర్రాడు పళ్లికిలిస్తున్నాడు.

మైదానంలో రెండో సగం మొదలైంది. ఆటగాళ్లు పెళ్లివారి బస్సు కోసం ఎదురుచూసేవాళ్లలా అటూ ఇటూ తిరుగుతున్నారు. పైన స్పీకర్లలోంచి మాత్రం కప్పు గెలిచినంత హోరు.

పక్క కుర్చీలో బట్టల దుకాణంలో పనిచేసే ఒకావిడ పొట్లం విప్పుకుంటూ అడిగింది. "అన్నయ్యా, మనవాళ్లది ఏ రంగు?"

"ఎర్రది."

"అయ్యో, ఇందాకటి నుంచీ తెల్లవాళ్లకు చప్పట్లు కొడుతున్నానే!"

ముందు వరసలో జెండా పట్టుకున్న మేస్త్రీ ఒకడు వెనక్కి తిరిగి కేకేశాడు. "మళ్లీ చెబుతున్నా! స్పీకర్లో ఏది వినపడితే అదే అనాలి. నేను జెండా దించేదాకా ఆపకూడదు. గట్టిగా అరిచిన వరసకే రెండో పొట్లం!"

"అర్థమేంటో తెలియకపోయినా అరవాలా?" అంది ఆవిడ.

"నీకెందుకమ్మా అర్థం? నీకు అన్నం కావాలా, అర్థం కావాలా?"

ధన్... ధన్... ధనాధన్... జర్ర్! అప్పుడే మళ్లీ వచ్చింది. 'జర్ర్' దగ్గర ఠక్కున తెగింది. క్షణంసేపు ఏమీ లేదు. మళ్లీ మొదటి నుంచి ధన్, ధన్.

ఉరుము లేచి నిలబడ్డాడు. ఎక్కడ తెగుతోందో, ఎందుకు తెగుతోందో అతనికి అర్థమైంది. ప్యాంటు జేబులో ఎప్పుడూ ఉండే స్పానరు తీసి చేతపట్టుకుని మెట్లవైపు నడిచాడు. దారిలో సెక్యూరిటీవాడు అడ్డం వస్తే, "సౌండు గదిలో వైరు లూజయిందట, చప్పుడు తెగిపోతోంది, వినపడట్లా?" అని వాడినే గదమాయించాడు. వాడు పక్కకు జరిగాడు.

*

సౌండు గది పడమటి స్టాండు పైన, టీవీవాళ్ల గది పక్కన, అగ్గిపెట్టెలా ఉంటుంది. ముందువైపు అద్దం, అద్దం కింద బల్లనిండా మీటలు. ఆ మీటల ముందు మైకు చెమటతో తడిసి ముద్దయి కూర్చున్నాడు.

తలుపు మూసుకున్న చప్పుడుకు తిరిగి చూసి ముందు బావను, తర్వాత స్పానరును, తర్వాత టీషర్టును చూశాడు.

"బావా... అద్దెకొచ్చావా?"

చెంప ఛెళ్లుమంది.

"నువ్వు నా ఇంట్లో తిన్నావు, నా పిల్లల్ని ఎత్తుకున్నావు. నా డ్రమ్మును వాడికి అమ్ముతావా? బయట నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారురా!"

"కొట్టు," అన్నాడు మైకు చెంప పట్టుకుని. "ఇంకోటి కొట్టు, నాకూ మనశ్శాంతిగా ఉంటుంది. అమ్మలేదు బావా. ఈ గదిలో ఉన్న ప్రతి రికార్డూ సంఘానిదే. పొద్దున సెక్రటరీ వచ్చి, అన్నిట్లోకీ పెద్ద హోరు ఏదో అదే వేయమన్నాడు. సౌండు కొలిచే మీటరు తనే చూసుకున్నాడు, స్పీకరు పెట్టి వినలేదు. ముల్లు చివరిదాకా వెళ్లింది ఒక్క మ్యాచ్‌కే."

"అందులో చివరికి ఏమైందో వాడికి తెలుసా?"

"తెలిస్తే వేయమంటాడా?"

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆ మ్యాచ్ వాళ్లిద్దరికీ తెలుసు. మొదటి సగంలో మనవాళ్లు గోలు కొట్టారు, స్టేడియం ఊగిపోయింది. సగం ఆట అవగానే, వచ్చే మ్యాచ్ నుంచి తూర్పు స్టాండు ధర పెంచుతున్నామని ఈ గదిలోంచే ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన ఇచ్చిన సెక్రటరీ కారెక్కి వెళ్లిపోయాడు. ఎప్పుడూ అంతే, ట్రాఫిక్ మొదలుకాకముందే వెళ్లిపోతాడు, ఏ మ్యాచూ చివరిదాకా చూసిన పాపాన పోలేదు. రెండో సగంలో ఉరుము ఒళ్లు తెలియని కోపంతో డ్రమ్ము బాదితే తోలు చిరిగింది. ఆ చిరిగిన చప్పుడు వెంటనే స్టేడియం మొత్తం లేచి నిలబడి ఒకే మాట అరిచింది. ఆట అయ్యేదాకా అదే మాట. మీటరు ముల్లు చివరికి వెళ్లింది అందుకే.

"అందుకే 'జర్ర్' దగ్గర కోసేస్తున్నా," అన్నాడు మైకు. "ఒక్క క్షణం ఏమరిస్తే నా ఉద్యోగం గాల్లో కలుస్తుంది."

"కోయక్కర్లేదు. ఇక మోగదు." ఉరుము బల్ల వెనక్కి వంగి స్పీకర్లకు వెళ్లే లావుపాటి వైరు పట్టుకున్నాడు. "ఖాళీ స్టేడియం ఎలా ఉంటుందో ఊరంతా విననీ."

"పీకు బావా. అక్కకు మాత్రం నువ్వే చెప్పుకో, తమ్ముడి ఉద్యోగం పీకింది నువ్వేనని. నా కూతురి ఫీజు కూడా నువ్వే కట్టుకో."

ఉరుము చెయ్యి వైరు మీదే ఆగిపోయింది. కోపం తగ్గి కాదు. ఆ పిల్ల మొన్న తన ఒళ్లో కూర్చుని డ్రమ్ము కర్రలతో కంచం వాయించిన సంగతి గుర్తొచ్చి.

తలుపు తెరుచుకుంది.

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత సెక్రటరీ వచ్చాడు. అతని వెనక చేతులు కట్టుకుని స్పాన్సరు పెద్దమనిషి. సెక్రటరీ ఉరుమును చూశాడు. టీషర్టు చూసి, స్పానరు చూసి, ఎవరో పనివాడనుకుని చూపు తిప్పేశాడు. తన మీద వేలమంది చేత అరిపించిన మనిషి మొహం అతనికి తెలియనే తెలియదు. ఉరుముకు చెంపదెబ్బ తిన్నదానికన్నా అదే ఎక్కువ మండింది.

"ఏమయ్యా, ఏంటీ గోల?" సెక్రటరీ మైకు మీద విరుచుకుపడ్డాడు. "హోరు మధ్యమధ్యలో తెగిపోతోంది! సార్ అడుగుతున్నారు, ఇది రికార్డా అని. పరువు తీస్తున్నావ్!"

"కొంచెం కోసి వేస్తున్నాను సార్..."

"ఎవడు కోయమన్నాడు నిన్ను? తిన్నగా వదిలేయ్!"

మైకు మీట మీద చెయ్యి పెట్టి అడిగాడు. "చివరిదాకానా సార్?"

"చివరిదాకా."

"సార్, ఆ మ్యాచ్‌లో తర్వాత..."

"ఆ మ్యాచ్ నాకు తెలీదా? ముందు వరసలో కూర్చున్నా! ఎలాంటి గోలు అది!"

"చివరిదాకా కూర్చున్నారా సార్?" అన్నాడు ఉరుము.

సెక్రటరీ అతనివైపు ఈగను చూసినట్టు చూశాడు. "నువ్వు నీ వైరు చూసుకో." మైకువైపు తిరిగి, "నీకు చెవుడా? ఇంకోసారి తెగిందంటే రేపట్నుంచి రానక్కర్లేదు. పెంచు, ఇంకా పెంచు!"

ఉరుము నెమ్మదిగా వైరు వదిలేశాడు. బామ్మర్ది కళ్లలోకి చూశాడు.

"సార్ చెప్పారు కదరా," అన్నాడు. "చివరిదాకా."

మైకు మీట పైదాకా తోసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

ధన్... ధన్... ధనాధన్... జర్ర్!

ఒక్క ఊపిరంత ఖాళీ. తర్వాత మూడేళ్ల కిందటి తూర్పు స్టాండు స్పీకర్లన్నిటిలోంచీ గొంతు చించుకుంది.

"సెక్రటరీ... దిగిపో! సెక్రటరీ... దిగిపో!"

మైదానంలో ఆటగాళ్లు ఆగిపోయి పైకి చూశారు. రిఫరీ ఈల నోట్లోంచి జారిపోయింది. సెక్రటరీ మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని తీసేయడం మర్చిపోయినట్టు.

"ఏంటిది?" అన్నాడు స్పాన్సరు పెద్దమనిషి.

"ఆపు!" సెక్రటరీ గొంతు కీచుమంది. "ఆపరా!"

"మీరే చివరిదాకా అన్నారు సార్," అన్నాడు మైకు. అతని చేతులు ఒళ్లోంచి కదల్లేదు.

"వైరు! ఒరేయ్, నువ్వు! ఆ వైరు పీకు!"

ఉరుము వంగి మళ్లీ వైరు పట్టుకున్నాడు. ఈసారి తొందరపడలేదు.

"ఇదేనా సార్? ఇది పీకితే చప్పుడే ఉండదు. ఖాళీ స్టేడియం ఖాళీగా వినపడుతుంది, టీవీలో, ఊరంతటికీ. ఉంచితే తిట్లు వినపడతాయి. ఏది కావాలో మీరే చెప్పండి. డబ్బు పెట్టినవాళ్లు మీరు."

"సెక్రటరీ... దిగిపో!"

"పీకు!"

"గట్టిగా చెప్పండి సార్, హోరులో వినపడట్లేదు."

"పీకరా!"

ఉరుము పీకాడు. స్పీకర్లు చచ్చిపోయాయి.

అరుపు ఆగలేదు.

సెక్రటరీ అద్దం దగ్గరికి పరుగెత్తాడు. కింద, తూర్పు స్టాండు కింది వరసల్లో, అద్దె జనం లేచి నిలబడి ఉన్నారు. స్పీకర్లో ఏది వస్తే అది అనమన్నారు, అంటున్నారు. జెండా దించేదాకా ఆపొద్దన్నారు. మేస్త్రీ ఎందుకు అరుస్తున్నారో తెలియని మొహంతో జెండా పైకే పట్టుకుని నిలబడ్డాడు. బట్టల దుకాణం ఆవిడ కుర్చీ ఎక్కి, పొట్లం గాల్లో ఊపుతూ అందరికన్నా గట్టిగా అరుస్తోంది. "సెక్రటరీ... దిగిపో!" ఆ మాటకు అర్థం మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అప్పుడు గోడ బయట నుంచి డ్రమ్ము మోగింది. ఈసారి కొత్త తోలు, బిగువైన దెబ్బ. బాకాకు డ్రమ్ము కొట్టడం బొత్తిగా రాదు, తాళం తప్పుతున్నాడు. తప్పినా బయట సగం స్టాండు దాన్ని అందుకుంది. లోపలి అరుపూ బయటి అరుపూ గోడ మీద కలుసుకున్నాయి.

టీవీ కెమెరా ఒకటి మెల్లగా పైకి లేచి గుడ్డ మీద అచ్చుబొమ్మల్ని ఊరంతటికీ చూపిస్తోంది. ఎవరు తిప్పారో, ఎందుకు తిప్పారో తర్వాత కూడా ఎవరూ ఒప్పుకోలేదు.

స్పాన్సరు పెద్దమనిషి కోటు గుండీ పెట్టుకున్నాడు. "మా కంపెనీ పేరు ఆ గుడ్డ మీద కూడా ఉందా?" అని అడిగాడు.

"ఉంది సార్, చాలా పెద్దగా..."

"ముందు అది తీయించండి." తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. సంతకం మాట ఎత్తలేదు.

సెక్రటరీ ఉరుము మీదికి తిరిగాడు. అప్పుడు మొదటిసారి అతని మొహం చూశాడు. "ఎవడ్రా నువ్వు?"

"మీ మీటరు ముల్లు చివరికి తీసుకెళ్లినవాణ్ణి," అన్నాడు ఉరుము. "ఇంకోసారి నా చప్పుడు కావాలంటే గేటు దగ్గరికొచ్చి అడగండి. పాత ధర బోర్డు పెట్టి అడగండి. గదులు కడతానని మా స్టాండు మీద చెయ్యి వేస్తే, ఈ అరుపు మీ ఇంటి ముందుకొస్తుంది. అక్కడ పీకడానికి వైరు ఉండదు."

బయటికి నడిచాడు. వెనక మైకు గొంతు వినపడుతోంది. "సార్, మీ ఆర్డరు టీవీవాళ్ల గదిలో కూడా వినపడింది సార్. పక్క గదే కదా, బల్ల మీది మైకు ఆన్‌లో ఉండిపోయింది. క్షమించాలి."

సామాన్ల గేటు దగ్గర సెక్యూరిటీవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "టికెట్టు?"

"లోపలికి కాదురా, బయటికి పోతున్నా."

"చూపించాలి."

"మ్యాచ్ మొదటి నుంచీ లోపలే మోగుతున్నా, వినలేదా? దారి వదులు."

బయట జనం అతన్ని చూసి ఒక్క క్షణం చల్లబడ్డారు. బాకా తల దించుకుని డ్రమ్ము తెచ్చి మెడలో వేశాడు. ఏదో అనబోయాడు.

"తర్వాత తిడతా నిన్ను, తీరిగ్గా," అన్నాడు ఉరుము. "ముందు కర్రలివ్వు. తాళం మొత్తం నాశనం చేశావ్."

ఫోను మళ్లీ మోగింది. ఎత్తలేదు. భార్యకు టీవీలో వినపడుతూనే ఉంటుంది. గేటు పక్కన ధరల బోర్డు ఇంకా అలాగే వేలాడుతోంది. దానికి ఎదురుగా వెళ్లి నిలబడి, కర్ర ఎత్తాడు. వీధి మొత్తం నోరు మూసింది.

దించాడు.